దుఖాన్ దాకా దాచిన మాట

పాసయ్యాను! దూరవిద్యలో బి.ఏ. పాసయ్యాను. రెండుసార్లు తప్పిన ఎకనామిక్స్ కూడా ఈసారి గట్టెక్కింది. మా తాతల నుంచి లెక్కేసినా మా ఇంట్లో డిగ్రీ అన్నది నాతోనే మొదలు.

గురువారం సాయంత్రం సైట్ నుంచి క్యాంప్‌కు వస్తూ కంపెనీ బస్సులో ఫోన్ తెరిచి చూశాను. చుట్టూ అందరూ తలలు వాల్చి నిద్రపోతున్నారు. అరవాలనిపించింది. ఆపుకున్నాను. ఈ మాట మొదట వినాల్సింది మా అన్న. ఎనిమిదో తరగతిలో తను బడి మానేసి బావుల్లో పూడిక తీసే పనికి పోయాడు. నన్ను మాత్రం ఒక్కరోజు ఎగ్గొట్టనివ్వలేదు. ఇప్పుడు ఆయనా ఖతర్‌లోనే, దుఖాన్ దగ్గరి క్యాంప్‌లో ఉంటాడు. నేనుండే ఇండస్ట్రియల్ ఏరియా నుంచి ఎనభై కిలోమీటర్లు. ఫోన్లో చెబితే రెండు నిమిషాల్లో అయిపోతుంది. మొహం చూస్తూ చెప్పాలనుకున్నాను.

అదృష్టం కొద్దీ శుక్రవారం సైకిళ్ళ మీద దుఖాన్ పోవాలని ముందే అనుకున్నాం, అన్నకు మాత్రం చెప్పలేదు. మేం అంటే నేనూ, నా రూమ్మేటూ. ఆయనది నిజామాబాద్. అబూ హమూర్‌లో సైకిళ్ళ దుకాణంలో మెకానిక్. దుకాణానికి వచ్చేవాళ్ళు స్పెయిన్, పోర్చుగల్ పల్లెల్లో వారాల తరబడి సైకిల్ తొక్కి వచ్చి ఆ ముచ్చట్లు చెబుతారు. ఈయన అవి మోసుకొచ్చి రూములో పెడతాడు.

"వాళ్ళు ఆలివ్ తోటలల్ల తొక్కుతున్నరు. మనం ఒంటెల నడుమ తొక్కుదం. మనకేం తక్కువ, భాయ్?" అని, ఎవరో వదిలేసిన రెండు పాత సైకిళ్ళు బాగుచేశాడు. చలికాలం మొదలైనప్పటి నుంచి ప్రతి శుక్రవారం కొంచెం కొంచెం దూరం పెంచుకుంటూ వచ్చాం. ఈసారి తూర్పు నుంచి పడమటి సముద్రం దాకా.

తెల్లవారగానే బయల్దేరుతుంటే ఆయన కళ్ళు నా క్యారియర్ మీది మిఠాయి డబ్బా మీద పడ్డాయి.

"ఏంది భాయ్, పెండ్లి ఖాయమైందా?"

"అన్నకు తీస్కపోతున్న."

"ఉత్తగనే? అన్నకు ఉత్తగ కిలో మిఠాయి తీస్కపోయే తమ్ముణ్ణి నేను ఇంతదాంక సూడలే. పిల్ల ఎవరు?"

"యల్లా, తొక్కు."

దారంతా ఎదురుగాలే. గాలికి ఎదురు తొక్కుతున్నప్పుడు పెద్ద ఆలోచనలేవీ రావు. ఒక చిన్న ఆలోచనే పెడల్‌తో పాటు తిరుగుతూ ఉంటుంది. నాకు తిరిగింది ఇది: డిగ్రీతో ఏం మారింది? శనివారం మళ్ళీ సైట్‌లో నేను చూసుకునే అదే స్టోర్, అవే బోల్టులు, అవే చేతి తొడుగులు. పై మంచం మీద దుప్పటి అడ్డం కట్టుకుని చదివినన్నాళ్ళూ పాసయితే చాలనుకున్నాను. పాసయ్యాక ఏమిటన్నది ఎన్నడూ అనుకోలేదు. అయినా కాళ్ళు ఆగలేదు. ఆ మాట విన్నప్పుడు అన్న మొహం ఎట్లా మారుతుందో చూడాలి. ఆ క్షణానికి నాకు డిగ్రీ అంటే అంతే.

షహానియా దాటాక ఒక తోట గేటు దగ్గర ఆగాం. అక్కడ పనిచేసే బంగ్లాదేశ్ ముసలాయన అడక్కుండానే నీళ్ళిచ్చి, నాలుగు టమాటాలు చేతిలో పెట్టాడు.

"సూసినవా? పోర్చుగల్ల గూడ గిట్లనే ఇస్తరట," అన్నాడు నా రూమ్మేట్, తనే పండించినంత గర్వంగా.

జుమ్మా నమాజుకు కాస్త ముందు క్యాంప్ చేరాం. సెలవు రోజు కాబట్టి అందరూ బట్టలు ఉతుక్కుంటున్నారు. అన్న తడి చొక్కా పిండుతూ తలెత్తి నన్ను చూశాడు. నా కళ్ళు గాలికి ఎర్రబడి ఉన్నాయి. ఒళ్ళంతా దుమ్ము. పక్కన నా రూమ్మేట్ అలసటతో తల వాల్చి నిలబడ్డాడు. అన్న చేతిలో చొక్కా కింద పడింది.

"ఎవలురా? ఎవలు పోయిన్రు? అమ్మనా?"

అప్పుడు తట్టింది నాకు. ఇక్కడ పనిచేసేవాడి ఇంటి దగ్గర ఎవరైనా చనిపోతే ఆ సంగతి అతనికి ఫోన్లో చెప్పరు. దగ్గరివాడెవడో పని మానుకుని, చెప్పాపెట్టకుండా వచ్చి, పక్కన కూర్చుని, చెయ్యి పట్టుకుని చెబుతాడు. అట్లా చెప్పడానికి నేనే రెండుసార్లు పోయాను. ఎంతో సంబరంగా వస్తూ అదే మరిచాను. అప్పటికే ఎవరో అన్న వెనక కుర్చీ వేశారు. పంపు దగ్గర నీళ్ళు కట్టేశారు.

"ఎవ్వలు పోలే అన్నా! పాసైన! డిగ్రీ పాసైన!"

ఆయనకు వినపడలేదు. "అమ్మ మంచిగుందా?"

"మంచిగుంది."

"మీ వదిన? పిల్లలు?"

"అందరు మంచిగున్నరే!"

ఒక్కొక్కరినీ అడిగి తేల్చుకున్నాక, ఆ తడి చొక్కా తీసి నా వీపు మీద ఒక్కటిచ్చాడు. "గాడిదా! గిట్లనారా అచ్చేది? పానం పోయింది గదరా నాది!"

"ఇంకోటి ఎయ్యి, అన్నా," అన్నాడు నా రూమ్మేట్. "పక్కపొంటి పొద్దటిసంది తొక్కిన. నాకు గూడ చెప్పలే, చోర్!"

కుర్చీలో కూలబడి, అన్న నా ఫోన్ తీసుకున్నాడు. ఒక్కో మార్కు మీద వేలు పెట్టి మెల్లగా చదివాడు. ఎకనామిక్స్ దగ్గర ఆగి, "గిదేనా నిన్ను ఏడిపిచ్చింది?" అన్నాడు. అవునన్నాను. మిగతావి వదిలేసి దాన్నే మళ్ళీ చదివాడు. నేను అనుకున్నట్టు నవ్వలేదు. మొహం కడుక్కొస్తానని లేచి పోయాడు. తిరిగి రావడానికి చాలాసేపు పట్టింది.

ఇప్పుడు ఆయన మంచం మీద కూర్చుని ఇది రాస్తున్నాను. ఎవరికి ఫోన్ చేయాలో, ఏ వరుసలో చేయాలో అన్నే చెబుతున్నాడు. "ముందుగాల నవ్వు, ఎన్క ముచ్చట చెప్పు," అన్నాడు.

వదిన. అమ్మకు నేను చేస్తే అన్నలాగే బెదురుతుంది, వదినే నవ్వుకుంటూ పోయి చెప్పాలి.
అక్క.
ఫీజు కట్టే గడువు గుర్తుచేసిన మా బడి సార్.
పరీక్షల నెలల్లో టీవీ గొంతు తగ్గించిన రూమువాళ్ళు.
"దుబాయ్ పోయినోనికి సదువెందుకు" అన్న పక్కింటి పెద్దమ్మ; ఆమెకు ఖతరైనా దుబాయే. ఆమెకు అన్నే చేస్తాడట.