ఇది ఆ జబ్బు కాదమ్మా

ఆత్మకూరు డాక్టరు గారు పోయారని పోయిన మంగళవారం బస్సు కండక్టరు మా గుమ్మం ముందు ఆగి చెప్పి వెళ్ళాడు. నా చేటలో బియ్యం ఉన్నాయి. రాళ్ళన్నీ ఏరాను, అన్నం వండాను, అందరికీ పెట్టాను. ఏడుపు రాలేదు. ఇప్పటికీ రాలేదు. అందుకే ఇది రాస్తున్నాను.

మా మొదటి మగబిడ్డ రెండేళ్ళు నిండకుండానే లివరు జబ్బుతో పోయాడు. పొట్ట ఉబ్బింది, కళ్ళు పచ్చబడ్డాయి, అంతే. ఆ జబ్బు పేరు వింటే మా ఉదయగిరిలో ఇంకేమీ అడిగేవారు కాదు; అది వచ్చిన బిడ్డ బతికింది లేదు. తరువాత పుట్టిన ఆడపిల్లకు కూడా రెండో ఏట పొట్ట ఉబ్బసాగింది. మా అత్త ఉయ్యాల విప్పించి అటక మీద పెట్టించింది. నేనూ అడ్డు చెప్పలేదు.

ఆత్మకూరికి తీసుకుపోయింది ఆశ ఉండి కాదు, తీసుకుపోలేదన్న మాట మిగలకూడదని. డాక్టరు గారు అరచేతులు రెండూ రుద్ది వెచ్చచేసుకున్నాకే బిడ్డ పొట్ట తాకారు. కళ్ళు మూసుకుని చాలాసేపు తడిమారు. కనురెప్ప కిందికి లాగి చూశారు. అన్నం తింటుందా అని అడిగారు. బాగానే తింటుందన్నాను.

"ఇది ఆ జబ్బు కాదమ్మా. ఆ జబ్బులో లివరంతా గట్టిపడతాది. ఈ బిడ్డకు ఒక పక్కనే గడ్డ ఉండాది, మెత్తంగా. కోసి తీసేయొచ్చు అనుకుంటా" అన్నారు.

తప్పకుండా బతుకుతుందా అని మా ఆయన అడిగితే, తెలియదన్నారు. తెలియనిది తెలియదని చెప్పడానికి ఆయన ఎప్పుడూ మొహమాటపడలేదు.

మా అత్త ఒప్పుకోలేదు. "ఒకణ్ణి మట్టిలో పెట్టినాము. దీన్ని కోయించి పెట్టాల్నా?" అంది. వారం తరువాత డాక్టరు గారే బస్సెక్కి వచ్చి మా వసారాలో ఆమె ఎదురుగా కూర్చున్నారు. వాదించలేదు. మజ్జిగ తాగి, "నేను గూడా వస్తానమ్మా మద్రాసుకి" అన్నారు. ఆమె తల ఊపింది.

అన్నట్టే వచ్చారు. అక్కడి పెద్ద సర్జను గారు కూడా తడిమి చూసి ఆయన మాటే అన్నారు. కోస్తే రక్తం బాగా పోతుందట. నా రక్తం కలవలేదు, మా ఆయనదీ కలవలేదు. డాక్టరు గారిది కలిసింది. చొక్కా చెయ్యి మడిచి పడుకున్నారు.

తీసిన గడ్డను సర్జను గారు మాకు చూపించారు. నీటి తిత్తులన్నీ ఒకదానికొకటి అంటుకున్నట్టుంది. ఇలాంటిది అరుదనీ, క్యాన్సరు లాంటి చెడ్డగడ్డ కాదనీ, మొత్తం వచ్చేసిందనీ అన్నారు. బిడ్డకు తెలివి వచ్చేదాకా ఉండి, ఊళ్ళో రోగులు ఎదురుచూస్తుంటారని డాక్టరు గారు రైలెక్కారు. ఆయనకు దణ్ణం పెట్టానో లేదో నాకు గుర్తులేదు.

పాపకిప్పుడు తొమ్మిదేళ్ళు. పొట్ట మీది గాటు దానితో పాటే పెరుగుతోంది. డాక్టరు గారు పోయారే అని నిన్న పొద్దున చెప్పాను.

"ఏ డాక్టరమ్మా?" అంది.

గౌను మీంచే ఆ గాటు మీద చెయ్యి పెట్టాను. నా చెయ్యి తప్పించుకుని, పుస్తకాల సంచి భుజాన వేసుకుని, మెట్లు రెండేసి చొప్పున దూకుతూ బడికి వెళ్ళిపోయింది.