ఇద్దరు ఏజాక్సులు

నరసాపురంలో పదకొండేళ్లు ఇంగ్లీషు చెప్పిన ప్రేమరాజు, బడి మూతపడ్డాక, దొరికిన వీసా మీద సౌదీలోని అల్ ఖోబర్ వచ్చాడు. అక్కడ ఉండటానికిచ్చే కార్డు, ఇకామాలో, పని ఏసీ మెకానిక్ అని ఉంది. పగలంతా ఏసీలు విప్పుతాడు. సాయంత్రాలు అజీజియా పేటలో మూడిళ్లకు వెళ్లి పిల్లలకు పాఠాలు చెబుతాడు. ఈ సంగతి వీసా ఇచ్చిన కఫీల్ చెవిన పడితే ఆ వారమే ఇంటికి విమానం.

2006లో, ఆ మూడిళ్లలో ఒకటైన కడప రియాజ్ ఇంట్లో, అతని కూతురు ఉమేరా స్కూలు క్విజ్‌లో ఫైనల్ దాకా వచ్చింది. గెలిస్తే పై పోటీకి రియాద్ పంపుతారు. ఈసారి అంతా గ్రీకు పురాణాలే.

"ట్రాయ్ యుద్ధానికి ఇద్దరు ఏజాక్సులు పోయారమ్మా," అని చెప్పాడు ప్రేమరాజు. "పెద్ద ఏజాక్స్ అవమానం ఓర్వలేక తన కత్తి మీదే పడ్డాడు. చిన్న ఏజాక్స్ దేవుళ్లనే ఎదిరించి సముద్రంలో మునిగాడు."

"ఒకాయన పేరు మార్చుకోవచ్చు గదా సార్?"

"అంత బుద్ధుంటే యుద్ధానికెందుకు పోతాడే?"

క్విజ్ ఆడపిల్లల సెక్షన్లో. మగవాళ్లను లోపలికి రానివ్వరు. రియాజ్, ప్రేమరాజు గేటు బయట ఎండలో నిలబడ్డారు. ఉమేరా పరిగెత్తుకొచ్చింది.

"సార్, ఏజాక్స్ ఎట్ల సచ్చిపోయినాడని అడిగినారు. సముద్రంలో అన్నా. తప్పంట! కత్తి అనాలంట. ఇద్దరుండారు మిస్ అంటే, కూర్చో అన్నారు. ఆ ఒక్క మార్కుతోనే పోయింది."

గేటు పక్క ఆఫీసు గదిలోంచి స్కూలు గుమాస్తా అబ్దుల్ హమీద్ వచ్చాడు. హైదరాబాదు మనిషి.

"అభ్యంతరముంటే పది నిమిషాల్ల రాసియ్యాలె. నేర్పిన టీచరు సంతకం, ఇకామా కాపీ గావాలె."

"నేను తండ్రిని. నా సంతకం సాలదా?" అన్నాడు రియాజ్.

"గ్రీకు కతలు నీకేమెరుక భాయ్?"

ఒకడు టెలమాన్ కొడుకు, ఇంకొకడు ఓయిలియస్ కొడుకు. ఈ ఒక్క వాక్యం రాస్తే చాలు. ప్రేమరాజు చెయ్యి జేబులోని కలం మీదికి పోయింది.

"ఈయనేనా టీచరు?"

రియాజ్ తల దించుకున్నాడు.

"కాదండీ," అన్నాడు ప్రేమరాజు. "వాళ్లింట్లో ఏసీ బాగుచేస్తాను."

ఉమేరా ఏదో అనబోయింది. రియాజ్ ఆమె రెక్క పట్టుకుని కారు వైపు నడిపించాడు. లోపల మైకులో ఎవరో మలయాళీ పిల్ల పేరు పిలిచారు. చప్పట్లు మోగాయి.

"అబ్బా, సార్ నాకు తప్పు చెప్పినాడా?" వెనక సీట్లోంచి తండ్రిని అడిగింది ఉమేరా.

రియాజ్ తాళం తిప్పాడు. తప్పు కాదని చెప్పబోయి ప్రేమరాజు కిటికీ దగ్గరికి వంగాడు. అబ్దుల్ హమీద్ ఇంకా గేటు దగ్గరే నిలబడి ఇటే చూస్తున్నాడు.