ఒక్కరికి సరిపడా వంట

అనాథ పిల్లల హాస్టల్లో ఆమెను అందరూ వంటక్క అనే పిలిచేవారు. పిల్లలే కాదు, పాలవాడూ, కూరగాయల బండివాడూ, చివరికి వార్డెన్ సారు కూడా. పెళ్ళి చేసుకోలేదు. మంగలి షాపు నడుపుకునే అన్నయ్యకు భార్య పోయాక, ఆ షాపు వెనక ఉన్న ఒంటి గదిలో ఆయనతో పాటే ఉండేది. వెలుతురు రాకముందే హాస్టలుకి నడిచి వెళ్ళేది, పిల్లల రాత్రి భోజనాలయ్యాక తిరిగి వచ్చేది. ఆ వంటగది పొగలోనే ఆమె జుట్టు నెరిసింది.

నూరు మందికి పైగా పిల్లలు. బియ్యం బక్కెట్లతో, పప్పు తట్టలతో, ఉప్పు గుప్పిళ్ళతో కొలిచేది. గుండిగ దించాలంటే కాపలా అతను వచ్చి రెండో పక్క పట్టాలి. ఎవడికి అడుగంటిన మాడు ఇష్టమో, ఎవత్తె ఉల్లిపాయ ముక్కలన్నీ ఏరి కంచం అంచున పేరుస్తుందో ఆమెకు కంఠతా వచ్చు. పద్దెనిమిది నిండగానే ఒక్కొక్కరూ ఒక ట్రంకు పెట్టె, ఒక దుప్పటి పట్టుకుని గేటు దాటేవారు. వార్డెన్ సారు ఎక్కడో ఓ పని చూసి పెట్టేవాడు. వంటక్క ఆ పూట కూరలో నూనె కాస్త ఎక్కువ పోసేది. అంతటితో ఆ పిల్లల లెక్క తీరిపోయిందనే అనుకునేది.

వాళ్ళలో ఒకణ్ణి నిదానం అనేవారు. లేవడం నిదానం, నడవడం నిదానం, తినడం మరీ నిదానం. "నువ్వొక్కడివి లేస్తే గానీ నేను గిన్నెలు ముట్టుకోడానికి లేదు. మింగు నాయనా, నమిలింది చాలు" అని రోజూ తిట్టేది. వాడు నవ్వి ఇంకాస్త మెల్లగా తినేవాడు. వాడికి అట్టపెట్టెల ఫ్యాక్టరీలో పని దొరికింది. ఫ్యాక్టరీ వెనక వీధిలో గది తీసుకున్నాడు. వెళ్ళి ఏడాది కూడా కాలేదు, ఓ పొద్దున వార్డెన్ సారు వంటగది గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. ఆయన అలా రావడం అరుదు.

"వంటక్కా, పొయ్యి ఆర్పి నాతో రావాలి. నిదానం పోయాడట."

"ఎక్కడికి పోయాడు సార్?" అంది ఆమె. ఆయన నేల చూపులు చూసేసరికి అర్థమైంది.

ఆ గదిలో కిటికీ లేదు. మంచం కింద బన్ను రొట్టెల కవర్లు, బిస్కెట్ కాగితాలు. మూల ఓ స్టవ్వు, దాని మీద అడుగు మాడి నల్లబడ్డ గిన్నె. దాన్ని కడగడానికి ప్రయత్నించి వదిలేసినట్టు గీతలున్నాయి. గోడకు ఆనించి బియ్యం సంచి ఉంది, సగం పైనే. కామెర్లు వచ్చాయని, దాని మీద జ్వరమని, కడుపులో ఏమీ లేక తట్టుకోలేకపోయాడని డాక్టర్ అన్నాడట. పక్క గదిలో ఉండే ముసలమ్మ గుమ్మంలో నిలబడి తనలో తాను చెప్పుకున్నట్టు చెప్పింది.

"మెట్ల మీద కూర్చుని పచ్చి బియ్యం నమిలేవాడమ్మా. కుర్రతనం, సరదాకి నములుతున్నాడనుకున్నా. అడిగుంటే ఓ ముద్ద పెట్టనా?"

వంటక్క మంచం పట్టె మీద కూర్చుండిపోయింది. వాడి దుప్పటి మడత పెట్టింది, మళ్ళీ విప్పింది, మళ్ళీ మడత పెట్టింది. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో ఒక్కటే మాట అంది. "నోటికి అందించాను సార్ ఇన్నేళ్ళూ. చేతికి ఏమీ ఇవ్వలేదు."

మర్నాడు వార్డెన్ సారు గదికి వెళ్ళి అడిగింది. పదహారు దాటిన పిల్లల్ని రోజుకు కొందరి చొప్పున వంటగదిలోకి పంపమంది. అన్నం, పప్పు, బంగాళదుంప కూర, గుడ్డు, జ్వరమొస్తే తాగడానికింత జావ. ఇవి వస్తే మనిషి ఎక్కడైనా బతికేస్తాడంది.

వార్డెన్ సారు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. "తలుపు మీద బోర్డు చూశావుగా? పిల్లలకు ప్రవేశం లేదని. అది నేనే పెట్టించాను. నువ్వు రాకముందు ఇక్కడో పాప గౌనుకి పొయ్యి మంట అంటుకుంది. దాన్ని ఆసుపత్రికి ఎత్తుకెళ్ళింది నేనే. దారిలో నా చేతుల్లోనే పోయింది. ఇంకేమైనా అడుగు, ఇది మాత్రం అడక్కు."

ఆమె తిరిగి వంటగదికి వచ్చేసింది. కానీ మెట్ల మీద కూర్చుని బియ్యం నములుతున్న పిల్లవాడు కళ్ళ ముందు నుంచి కదిలితే కదా.

ముందు ఆమే నేర్చుకోవాల్సి వచ్చింది. ఒక్క మనిషికి ఎంత బియ్యం, ఎంత నీరు పడుతుందో ఆమెకు అసలు తెలియదు. ఇంట్లో కూడా ఏనాడూ పొయ్యి వెలిగించింది లేదు. అన్నాచెల్లెళ్ళిద్దరికీ హాస్టల్లో మిగిలిందే భోజనం. చిన్న గిన్నె కొని గదిలో మొదలుపెట్టింది. మొదటి రోజు అన్నం సంకటిలా అయింది, రెండో రోజు మాడింది. పప్పులో ఉప్పు గుప్పెడు పడింది. అన్నయ్య కంచం ముందు కూర్చుని గడ్డం నిమురుకున్నాడు.

"ఇంత మందిని సాకినదానివి, నన్నొక్కణ్ణి చంపడానికి ఇంత కష్టపడాలా చెల్లీ?"

"నోర్మూసుకుని తిను. ఎలా ఉందో చెప్పు."

"నోరు మూసుకుని ఎలా చెప్పమంటావు?"

చెయ్యి కుదిరాక, మధ్యాహ్నం వార్డెన్ సారు కునుకు తీసే వేళ నలుగురు పిల్లల్ని పెరటి తలుపు గుండా వంటగదిలోకి తీసుకొచ్చేది. వాళ్ళలో ఒకమ్మాయిని పిచ్చుక అనేవారు. సన్నగా పుల్లలా ఉండేది, నోరు మాత్రం ఊరుకునేది కాదు. అన్నం ఎందుకు ఉడుకుతుంది, ఉల్లిపాయకి ఏడుపెందుకు, గుడ్డు కుళ్ళిందో లేదో పగలగొట్టకుండా తెలుస్తుందా అని వేధించేది. నీళ్ళలో వేసి చూడమంది వంటక్క. మునిగితే మంచిది, తేలితే పారెయ్. ఆ రోజు పిచ్చుక వంటింట్లో ఉన్న గుడ్లన్నీ నీళ్ళలో వేసేసింది.

అంతా బాగానే నడుస్తోందనుకున్నప్పుడే జరిగింది. ఆ మధ్యాహ్నం గంజి వార్చడం నేర్పుతోంది. పిచ్చుక వంతు వచ్చింది. గిన్నె మూతను గుడ్డతో అదిమి పట్టి వంచాలి. పట్టు సరిగ్గా ఉందో లేదో చూసి, ఊ అని చెప్పాలి వంటక్క. సరిగ్గా అప్పుడే గేటు దగ్గర పాలవాడు పిలిచాడు. "వస్తున్నా, కదలకండి" అని ఆమె గుమ్మం దాటింది. పిచ్చుక ఆగలేదు. గుడ్డ జారింది, మూత జారింది, మరిగే గంజి కుడిచెయ్యి మీదుగా మోచేతి దాకా జారింది. నీళ్ళయితే కారిపోయేవి. గంజి చర్మానికి పట్టుకుని కాల్చింది. ఆ కేకకి వార్డెన్ సారు లుంగీతోనే పరిగెత్తుకొచ్చాడు. ఎవరినీ ఏమీ అడగలేదు. పిల్లని ఎత్తుకుని రోడ్డు మీదకి ఉరికాడు.

పిచ్చుకకి కట్టు కట్టించి ఆయన ఆసుపత్రి వరండాలోకి వచ్చాడు. తిట్టలేదు. తిట్టినా బాగుండేది. "రేపటి నుంచి రావద్దు వంటక్కా. పోలీసుల దాకా వెళ్ళనివ్వను. కానీ నువ్వు మళ్ళీ ఆ గేటు లోపల కనబడకూడదు."

ఆమె తల ఊపింది. నేను చెప్పానుగా కదలకండని, అనే మాట గొంతు దాకా వచ్చింది. మింగేసింది. పిల్లలని తెలిసి కూడా వాళ్ళని మంట దగ్గర వదిలి వెళ్ళింది తనే.

ఆ తర్వాత బస్టాండు పక్కన మెస్సులో గిన్నెలు తోమే పనికి కుదిరింది. అక్కడ వంట చెయ్యమన్నారు గానీ ఆమే వద్దంది. గదిలో మళ్ళీ పొయ్యి వెలగలేదు. అన్నయ్య బయటి నుంచి పొట్లాలు తెచ్చేవాడు. ఎప్పుడైనా పాత ధోరణిలో ఏదైనా అంటే ఆమె నవ్వేది కాదు. దాంతో ఆయనా మానేశాడు.

రెండు వానాకాలాలు గడిచాయి. ఓ ఆదివారం షాపులో జనం గడ్డాలు గీయించుకుంటుండగా ఒక ఆడపిల్ల లోపలికి వచ్చి నిలబడింది. పొడుగు చేతుల చొక్కా, కుడిచెయ్యి జేబులో.

"వంటక్క ఉందా?"

అన్నయ్య కత్తి పట్టుకునే వెనక గది వైపు చూపించాడు. వంటక్క లేచి నిలబడింది. పిచ్చుక జేబులోంచి చెయ్యి తీసింది. వేళ్ళు లోపలికి ముడుచుకుపోయి ఉన్నాయి. చర్మం మైనంలా మెరుస్తూ, అక్కడక్కడా ముడతలు పడి ఉంది.

"హాస్టల్ నుంచి బయటికొచ్చేశా. వార్డెన్ సారు బట్టల కొట్లో పని చూశాడు. చెయ్యి చూసి వద్దన్నారు. కొనేవాళ్ళు జడుసుకుంటారట."

వంటక్క పైట చెంగు కళ్ళకి అద్దుకోబోయింది.

"ఏడవకు. ఏడిచావంటే వెళ్ళిపోతాను" అంది పిచ్చుక. "నీ మీద కోపం పోలేదు నాకు. పోతుందో లేదో కూడా తెలీదు. కానీ గది తీసుకున్నాను. వండుకోవడం రాదు. అది సగంలో ఆపేశావు. చెప్పు."

"ఆ చేత్తో ఎలాగే తల్లీ?"

"అది నువ్వు ఆలోచించాలి. నేను కాదు."

ఆలోచించింది. ఎడమచేత్తో దుంప కొయ్యాలంటే అది దొర్లిపోకుండా ఏదో పట్టుకోవాలి. అన్నయ్య ఒక చెక్క ముక్కకి కింది నుంచి రెండు మేకులు దిగ్గొట్టి ఇచ్చాడు. దుంపని ఆ మేకులకి గుచ్చితే కదలదు. గంజి వార్చే పని లేకుండా, కొలిచి పోసిన నీళ్ళు అన్నంలోనే ఇగిరిపోయేలా నేర్పింది. వార్చడం ఆ గదిలో ఇంకెవ్వరికీ నేర్పనని ఒట్టు పెట్టుకుంది. పిల్ల గిన్నె ముందు ఉన్నంతసేపూ కాలు కదిపేది కాదు. బయట ఎవరు పిలిచినా పలికేది కాదు. పిచ్చుక మొదటిసారి దుంపలు కోసినప్పుడు ముక్కలు ఒక్కోటీ ఒక్కో సైజు. కొన్ని ఉడికాయి, కొన్ని కరకరమన్నాయి. విసుగొచ్చి గరిటె నేలకేసి కొట్టింది. వంటక్క గరిటె తీసి, కడిగి, మళ్ళీ చేతికిచ్చింది.

పిచ్చుకకి చివరికి ఆసుపత్రిలో దుప్పట్లు లెక్కపెట్టి సర్దే పని దొరికింది. హాస్టల్ నుంచి బయటికొచ్చేవాళ్ళ కోసం గేటు బయట కాచుకుని ఈ గది దారి చెప్పేది. కొందరు వచ్చేవారు. ఇద్దరు ముగ్గురు రెండు వారాలు వచ్చి మానేశారు. వాళ్ళలో ఒకడు జైల్లో ఉన్నాడని తెలిసింది. ఒకమ్మాయి జాడే తెలియలేదు. వంటక్క ఆ పిల్ల పాత గది దాకా వెళ్ళి తాళం చూసి తిరిగి వచ్చింది.

ఓసారి వార్డెన్ సారు మెస్సుకి భోజనానికి వచ్చి, తొట్టి దగ్గర ఆమెని చూశాడు. తిన్నాక చెయ్యి కడుక్కుంటూ అడిగాడు.

"పిల్లలు నీ దగ్గరికి వస్తున్నారట."

"వస్తున్నారు సార్."

"ఎవరికీ కాలలేదుగా?"

"ఇప్పటిదాకా లేదు."

ఆయన తువ్వాలుతో చెయ్యి తుడుచుకుని వెళ్ళిపోయాడు. హాస్టల్ వంటగది తలుపు మీద బోర్డు మాత్రం తియ్యలేదు.

ఆ ఏడాది వానల్లో అన్నయ్యకి ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరింది. మెస్సు మానేస్తే అద్దెకి దారి లేదు, అందుకని వంటక్క పనికి పోక తప్పలేదు. పిచ్చుక ఆసుపత్రిలో రాత్రి డ్యూటీకి మార్పించుకుని, పగలంతా వచ్చి కూర్చునేది. జావ కాచి ఎడమచేత్తో చెంచాతో పట్టేది.

"దీనికన్నా నా సబ్బు నురగ రుచిగా ఉంటుందే" అనేవాడు ఆయన, దగ్గుల మధ్య.

"తాగి చూశావేంటి?"

"గీయించుకునేవాళ్ళ నోట్లో పడ్డప్పుడు మొహాలు చూశాగా."

ఆ మాటలు క్రమంగా తగ్గాయి. వానలు తగ్గేలోపే ఆయన పోయాడు. వంటక్క మెస్సు నుంచి వచ్చేసరికి పిచ్చుక గుమ్మంలో నిలబడి ఉంది.

అంతా అయిపోయాక వంటక్క షాపులో గడ్డం గీయించుకునే కుర్చీలో కూర్చుండిపోయింది. ఎదురుగా అద్దం. అందులో తన మొహమే కనిపిస్తుంటే చూపు తిప్పుకోవాలని కూడా తోచలేదు. పిలిచినా పలకలేదు, నీళ్ళిచ్చినా తాగలేదు. వచ్చిన చుట్టుపక్కల వాళ్ళు కాసేపు కూర్చుని ఎవరి దారిన వాళ్ళు వెళ్ళారు.

సాయంత్రం ఆమె దగ్గర వంట నేర్చుకున్న పిల్లలు ఒక్కొక్కరే వచ్చారు. ఎవరి గదిలో వాళ్ళు వండుకుని, టిఫిన్ డబ్బాల్లో పట్టుకొచ్చారు. లారీలు కడిగే పిల్లాడు అన్నం తెచ్చాడు. మిషను కుట్టే అమ్మాయి పప్పు. పిచ్చుక దుంప కూర. నేల మీద కాగితాలు పరిచి డబ్బాల మూతలు తీశారు. పిచ్చుక కంచంలో కాస్త కాస్త పెట్టి వంటక్క ఒళ్ళో ఉంచింది.

ఆమె చాలాసేపు కంచం వంక చూసింది. తర్వాత వేళ్ళతో కలిపింది. ఒక ముద్ద నోట్లో పెట్టుకుంది, మెల్లగా నమిలింది. అందరూ ఆమె వంకే చూస్తున్నారు.

"పప్పు ఉడకలేదు" అంది.

మిషను కుట్టే అమ్మాయి తల దించుకుంది. "గ్యాస్ అయిపోయింది అక్కా, మధ్యలో."

"ఊఁ" అంది వంటక్క. ఇంకో ముద్ద కలుపుకుంది.