పిక్సెలమ్మా, బరువెక్కిన లిఫ్టూ

ఆఫీసులో ఆమెను అసలు పేరుతో పిలిచేది జీతాలిచ్చే విభాగం ఒక్కటే. మిగతా అందరికీ ఆమె పిక్సెలమ్మ. తెర మీద ఒక్క చుక్క పక్కకి జరిగినా పసిగడుతుందని ఆ పేరు పెట్టారు. మొదట్లో చాటుగా అనేవాళ్ళు. ఆమె ఒకసారి విని, "ఏం, ఎదురుగా అనడానికి నోరు పడిపోయిందా?" అన్నాక ఎదురుగానే అనడం మొదలుపెట్టారు.

ఆ కంపెనీ లిఫ్టులకు తెరలు చేస్తుంది. అరచేతంత తెర. దాని మీద అంతస్తు అంకె, పైకో కిందికో చూపే బాణం, బరువు ఎక్కువైతే ఒక హెచ్చరిక. పెళ్ళైన కొత్తలో అత్తగారు "ఇంతేనా నీ ఉద్యోగం?" అని అడిగితే, "ఇంతే అత్తయ్యా. బాగుంటే ఎవరూ చూడరు, పాడైతే లోకమంతా చూస్తుంది" అని చెప్పింది. భర్తకు కళ్ళజోళ్ళ దుకాణం. తెర మీద అంకెలు వణుకుతున్నాయనో, రంగులు తారుమారయ్యాయనో ఆమె మొదలుపెట్టగానే, "ఓసారి చూపు పరీక్ష చేయించుకోరాదూ" అనేవాడు. అది వినీ వినీ ఆమె ఇంట్లో ఉద్యోగం ఊసెత్తడం మానేసింది.

ఆమె పైన ఒక మేనేజరు ఉన్నాడు. ఎవరేం అడిగినా "అయిపోయిందనుకోండి" అనడం ఆయనకు ఊతపదం. అందుకని ఆయన లేనప్పుడు అందరూ ఆయన్ని అయిపోయిందయ్య అనేవాళ్ళు. మనిషి చెడ్డవాడు కాదు. ఖాతాదారు ముందు నోరు జారడం, ఆ జారిన మాటను మిగతావాళ్ళు ఎత్తుకోవాల్సి రావడం, అంతవరకే ఆయనతో వచ్చిన చిక్కు.

పనిలో సగం ఒక సాఫ్ట్‌వేరు చేసిపెట్టేది. కంప్యూటర్‌లో ఉత్త తెర బొమ్మ ముందు పెట్టుకుని, అంకె ఇక్కడ, బాణం అక్కడ అని మౌసుతో పేర్చి, "జనరేట్" అనే బటన్ నొక్కితే కోడ్ అదే రాసిచ్చేస్తుంది. కానీ ఆ కోడ్‌లో మనం చేత్తో దిద్దినవేవైనా ఉంటే, మళ్ళీ జనరేట్ నొక్కగానే ఊడ్చుకుపోతాయి. "మీ రాతలు ఇక్కడ రాసుకోండి" అని అది గీసిచ్చిన హద్దుల మధ్య ఉన్నవే బతుకుతాయి. పిక్సెలమ్మ ఆ సాఫ్ట్‌వేరుకు ఆడపడుచు అని పేరు పెట్టింది. "సాయం చేస్తుంది, కాదనను. కానీ వచ్చినప్పుడల్లా మనం సర్దుకున్న అలమర తన ఇష్టప్రకారం సర్దిపోతుంది" అనేది.

కొత్త తెరను ముందుగా తమ భవనంలోని లిఫ్టుకే బిగించి చూశారు. కొన్నాళ్ళు బాగానే నడిచింది. తర్వాత అంకెలకు తెగులు పట్టింది. మూడుకు తోక మొలిచేది. రెండు నడుం విరిగి కనిపించేది. ఒకటి నెత్తిన ఎక్కడిదో అడ్డగీత వచ్చిపడి, ఐదంతస్తుల భవనంలో ఏడో అంతస్తు పుట్టుకొచ్చింది. పరధ్యానం మనిషైన అకౌంటెంటు ఆ అంకెలను నమ్మి, పళ్ళ డాక్టరుగారి అంతస్తులో దిగిపోయి, అక్కడి కుర్చీలో కూర్చుని తన పిలుపు కోసం ఎదురుచూశాడు. లోపలికి పిలిచి "నోరు తెరవండి" అనేదాకా ఆయనకు అనుమానం రాలేదు. పన్ను దక్కింది గానీ పరువు పోయింది.

కరెంటు తీసి మళ్ళీ వేస్తే అంకెలు బుద్ధిగా వచ్చేవి. అచ్చం అలాంటి తెరే పిక్సెలమ్మ బల్ల మీద పొద్దస్తమానం తప్పులేకుండా నడిచేది.

"మీ బల్ల మీద బాగానే ఉందిగా. అంటే తప్పు లిఫ్టుదే" అన్నాడు మేనేజరు.

"లిఫ్టుకు అంకెలు రావు సార్. మనమే నేర్పాం."

"అది కాదమ్మా, ఆవిడ వస్తున్నారు కదా. వచ్చే ముందు ఓసారి కరెంటు తీసి వేసేస్తే సరిపోతుంది. అయిపోయిందనుకోండి."

ఆవిడ అంటే లిఫ్టుల కంపెనీ యజమానురాలు. తెరలు కొనాలా వద్దా తేల్చేది ఆవిడే. పిక్సెలమ్మ మేనేజరును ఎగాదిగా చూసి, "ముక్కు గట్టిగా మూసి, జలుబు లేదని చెప్పమంటారా?" అంది. ఆ తర్వాత క్యాంటీన్ నుంచి ఒక ప్లాస్టిక్ స్టూలు తెచ్చుకుని, లాప్‌టాప్‌ను వైరుతో తెరకు తగిలించి, లిఫ్టులోనే మకాం పెట్టింది.

ఎక్కినవాళ్ళంతా ఆమెను లిఫ్టు నడిపే మనిషనుకున్నారు. "మూడు" అని చెప్పి నిలబడేవాళ్ళు. ఆమె నొక్కేది. "ఏ అంతస్తమ్మా మీది?" అని ఒక పెద్దాయన అడిగితే, "నాది లిఫ్టేనండీ" అంది. పళ్ళు పీకించుకున్నవాళ్ళు చెంపలు పట్టుకుని ఆమెకు గోడు చెప్పుకున్నారు. అంకెలు మాత్రం బంగారంలా వచ్చాయి. తను కూర్చుంటే బాగుండి, లేచిపోగానే పాడయ్యే ఆ తెరను చూస్తుంటే ఆమెకు ఒళ్ళు మండింది.

మధ్యాహ్నం భోజనాల వేళ జనం తోసుకుంటూ ఎక్కారు. లిఫ్టు గుయ్యిమంది. తెర నిండా ఎర్రగా "బరువు ఎక్కువైంది" అని వచ్చింది. ఒకతను గొణుక్కుంటూ దిగాడు. హెచ్చరిక పోయి అంకె వచ్చింది, కానీ దానికి తోకుంది.

పిక్సెలమ్మ కరెంటు తీయించి మళ్ళీ వేయించి, ఖాళీ లిఫ్టులో పైకీ కిందికీ తిరిగింది. అంకె మళ్ళీ శుభ్రంగా ఉంది. ఇక అనుమానమంతా ఆ హెచ్చరిక మీదే. బల్ల మీది తెరలో అంకెలను పైకీ కిందికీ నడిపి చూసింది గానీ, ఈ మధ్య బరువు హెచ్చరిక సంగతి చూడనేలేదు. లాప్‌టాప్ కళ్ళెదురుగా ఉండగా అది ఇంకొక్కసారి జరిగితే చాలు. కానీ భోజనాలైపోయాయి, జనం లేరు.

రిసెప్షన్ అమ్మాయిని లాక్కొచ్చింది. అకౌంటెంటును బతిమాలింది. పక్క గదుల్లోవాళ్ళను దబాయించింది. అంతలో పళ్ళ డాక్టరు దగ్గరికొచ్చిన అత్తగారు మత్తు సూదికి మొద్దుబారిన దవడతో కింద అంతస్తులో కనిపించింది.

"అత్తయ్యా, కాస్త లిఫ్టెక్కండి."

"ఎత్తడిటి?" అంది ఆవిడ. నోరు తిరగడం లేదు.

"ఎక్కడికీ కాదు, బరువుకి."

"దద్దేం అదుతుద్దావే?" అని కోడలి మీద కోప్పడుతూనే ఎక్కింది. అయినా లిఫ్టు గుయ్యిమనలేదు.

తలుపు మూసుకోబోతుండగా ఒక చెయ్యి అడ్డం పడింది. భారీ మనిషి, నెరిసిన జుట్టు, చేతిలో సంచి. వెనకాలే మేనేజరు. అనుకున్నదానికన్నా ముందే వచ్చేసిన యజమానురాలు ఆవిడే. ఆవిడ కాలు పెట్టగానే లిఫ్టు గుయ్యిమంది.

ఎవరూ కదల్లేదు. అందరూ ఒకరి నడుం ఒకరు చూసుకున్నారు. బరువు తనదేనని ఒప్పుకునే మనిషి ఇంతవరకు పుట్టలేదు. చివరికి ఆవిడే, "నా సంగతి నాకు తెలుసు, నేనే దిగుతా" అని బయటికి అడుగేసింది. హెచ్చరిక పోయింది. దాని స్థానంలో వచ్చిన సున్నాకు రెండు కొమ్ములున్నాయి.

"దొరికింది" అని పిక్సెలమ్మ చప్పట్లు కొట్టింది.

మేనేజరు ముఖంలో నెత్తుటి చుక్క లేదు. "అది మేడమ్, ఏదో చిన్న... అయిపోయిందనుకోండి..."

"మీరాగండి" అంది యజమానురాలు. "ఏం దొరికిందమ్మా?"

పిక్సెలమ్మ స్టూలు మీద లాప్‌టాప్ తిప్పి చూపించింది. "తెర మీద ఏ బొమ్మ కనబడాలన్నా చిప్పు ముందు దాన్ని మెమరీలో ఒక మూల గీసుకుంటుందండీ. ఈ హెచ్చరిక పెద్ద బొమ్మ. దానికి ఇచ్చిన చోటు చిన్నది. పట్టక పక్కింట్లోకి పొర్లింది. పక్కింట్లో ఉండేది అంకెలు. అందుకే తోకలూ కొమ్ములూ."

"చోటు ముందే ఎక్కువ ఇవ్వకపోయారా?"

"ఇచ్చాను. బాణం ఎర్రగా వద్దు, ఆకుపచ్చ కావాలన్నారు కదా మీరు. నేను సెలవులో ఉన్నప్పుడు సారే రంగు మార్చి జనరేట్ నొక్కారు. నేను చేత్తో దిద్దింది పోయి, పాత కొలతే వచ్చేసింది."

"నేను రంగొక్కటే మార్చాను" అన్నాడు మేనేజరు, గోడతో చెబుతున్నట్టు.

లిఫ్టులో అంతమందీ ఆయన్నే చూశారు. ఎన్నాళ్ళనుంచో పిక్సెలమ్మ ఇలాంటి క్షణం కోసమే చూస్తోంది. తీరా వచ్చాక, ఆయన మెడ వంచుకుని నిలబడిన తీరు చూస్తే మనసొప్పలేదు. అబద్ధమాడలేదు గానీ, తను చెప్పింది సగమే.

"నొక్కింది సారే. కానీ నొక్కితే పోతుందని ఆయనకు తెలీదు. నేనెవరికీ చెప్పలేదు. హద్దుల లోపలా రాయలేదు. అది నాకొక్కదానికే తెలుసన్న గీర నాది."

యజమానురాలు ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. "మీ తగువు మీరు తీర్చుకోండి. ఎవరు ఏది నొక్కినా పోకుండా ఎప్పటికి చేస్తారు?"

మేనేజరు పిక్సెలమ్మ వైపు తిరిగాడు.

"సాయంత్రానికి" అంది పిక్సెలమ్మ.

"అయితే ఇక్కడే కూర్చుంటా."

"దేదు దిదొచ్చా?" అని లోపలి మూల నుంచి అత్తగారు తలుపు వైపు చూపిస్తూ అడిగింది.

సాయంత్రానికి ఆ కొలత హద్దుల లోపలికి చేరింది. చోటు చాలకపోతే కోడ్ తయారవకుండా మొరాయించేలా ఒక కాపలా కూడా పెట్టింది. ఎవరూ ఊరికే తుడిచెయ్యకుండా, అదెందుకుందో పైన వివరంగా రాసింది. ఆ పక్కనే మేనేజరు కూర్చుని, రెండుసార్లు టీ తెప్పించాడు. క్షమించమనడం ఆయనకు చేతకాదు, టీ తెప్పించడం చేతనవును. తర్వాత అందరినీ మళ్ళీ లిఫ్టులో కుక్కారు. యజమానురాలు ఈసారి కావాలనే ఎక్కింది. గుయ్యిమంది, దిగింది, సున్నా సున్నాలాగే ఉంది. మళ్ళీ ఎక్కింది, మళ్ళీ దిగింది. ఆవిడకు సరదా పుట్టినట్టుంది.

మత్తు దిగాక అత్తగారు కొడుకుతో, "మీ ఆవిడ ఏం చేస్తుందో ఇవాళ తెలిసిందిరా. మనుషుల్ని డబ్బాలో కుక్కి అంకెలు చూస్తుంది. తేలికేం కాదు" అంది. మర్నాడు ఆమె భర్త దుకాణం తెరవకుండా ముందు ఆ భవనానికి వచ్చి, పనేమీ లేకపోయినా లిఫ్టులో పైకీ కిందికీ తిరిగాడు. "అంకె ఇంకాస్త లావుగా ఉంటే మా దుకాణానికొచ్చే పెద్దవాళ్ళకు కనబడుతుంది" అన్నాడు. ఆమె సణిగింది. సణుగుతూనే లావు చేసింది. ఇప్పుడు ఆ లావు అంకెలే చాలా లిఫ్టుల్లో ఉన్నాయి.

మేనేజరు మాత్రం ఆ రోజు నుంచి ఏది ముట్టుకోవాలన్నా ఆమెను అడుగుతున్నాడు. మొన్న మీటింగు గదిలోంచి ఫోన్ చేశాడు. "అమ్మా, ఇక్కడో బటన్ ఉంది. నొక్కొచ్చా?"

"ఎక్కడుంది సార్?"

"గోడకి."

"నొక్కండి. అది ఫ్యాను."