రెప్ప వాల్చని అత్తమ్మ

మా క్వార్టర్ల లైన్ గ్రూపులో ఏ గొడవైనా రోజుకు మూడుసార్లు జరుగుతుంది. బొగ్గుబాయిలోకి దిగేవాళ్లు ఫోన్లు పైనే వదిలి దిగాలి కదా, అదీ సంగతి. పొద్దున ఎవరో "మూడు మడతల ఫోనొచ్చిందట, ఇల్లు కుదువబెట్టి కొనాలె" అని పెడతారు. ఇళ్లల్లో ఉన్నవాళ్లం మధ్యాహ్నం దాకా దాని మీద వాదించుకుని చల్లబడతాం. మూడింటికి మొదటి షిఫ్టు పైకొస్తుంది. వాళ్లు మొదటి నుంచి ఒక్కో మెసేజీ చదువుకుంటూ, వరసగా అన్నింటికీ జవాబులిస్తారు. రాత్రి రెండో షిఫ్టు వచ్చి మళ్లీ మొదలుపెడుతుంది. మూడో షిఫ్టువాళ్లు తెల్లారి వచ్చి "ఇంతకు ఆ ఫోను ఎంత?" అంటారు.

బంగారం ఇప్పుడు కొనాలా, ఆగాలా? ఫోన్‌లో పైసలు పంపితే రేపటి నుంచి ఛార్జీ పడుతుందట, నిజమేనా? గ్రూపులో రోజూ ఇవే. ఛార్జీ వార్త వచ్చిన ప్రతిసారీ, కోస్తా నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడిన రిటైర్డు ఇంజినీరు సారు "ఫేక్ అండీ, నమ్మకండి" అని ఓపిగ్గా పెడతారు. ఎవరూ నమ్మరు. ఏఐ వస్తే మన నౌకరీలు పోతాయా అని ఒకరోజు పెద్ద చర్చ నడిచింది. "రానియ్యిరి, ముందుగాల మూడో షిఫ్టుకు దాన్నే పంపుదాం" అని ఒకాయన తేల్చేశాడు. నేను బడిలో పిల్లలకు పాఠాలు చెప్పేదాన్ని. నోరు ఊరుకోదు నాకు. ప్రతిదాంట్లో వేలు పెడతాను, ఎవరేమనుకుంటే నాకేం?

అలాంటి గ్రూపులో మా అత్తమ్మ ఫోటో పెట్టాల్సి వచ్చింది.

మామయ్య బాయిలో షాట్‌ఫైరర్‌గా చేశారు, అంటే మందు పెట్టి బొగ్గును పేల్చే మనిషి. ఆయన పోయాక అత్తమ్మకు పింఛను వస్తోంది. బీపీ గోళీలు, చర్చిలో కానుక, మనవరాలికి మిర్చి బజ్జీలు అన్నీ అందులోంచే. కొడుకును ఒక్క రూపాయి అడగదు. "నా పైసలు నాకున్నయ్" అనే మాట ఆమె నోట ఎంత దర్జాగా వస్తుందో వినాలి! ఆ పింఛను ఆగకుండా ఉండాలంటే ఏటా ఒకసారి, తాను బతికే ఉన్నానని ఆమె నిరూపించుకోవాలి. చేతి గీతలు అరిగిపోయి వేలిముద్ర పడదు. ఇక మిగిలింది ఫోన్లో ముఖం చూపించడం. గడువు ఈ నెలాఖరు దాకానే.

రెండో శనివారం బడికి సెలవు. గోడకు తెల్ల దుప్పటి కట్టి, ముందు కుర్చీ వేసి అత్తమ్మను కూర్చోబెట్టాను. కళ్లు మూసి తెరవమని యాప్ అడిగింది. అత్తమ్మ తెరిచిన కళ్లు తెరిచినట్టే ఉంచింది.

"అత్తమ్మా, రెప్ప కొట్టు."

"కొట్ట."

"ఎందుకు కొట్టవు?"

"ఫోటో ఖరాబైతది."

దాని వెనక ఒక కథ ఉంది. పెళ్లయిన కొత్తలో కంపెనీ కాగితాల కోసం చౌరస్తా దగ్గర స్టూడియోలో ఇద్దరూ ఫోటో దిగితే, అత్తమ్మ కళ్లు మూసింది. మళ్లీ దిగడానికి మామయ్యకు ఒకరోజు నాగా పడింది, ఆ రోజు కూలి పోయింది. ఆయనేమీ అనలేదట. కానీ ఆ రోజు నుంచి కెమెరా ముందు ఈమె రెప్ప వాల్చదు. పెళ్లిళ్ల ఫోటోల్లో చూడండి, అందరూ నవ్వుతుంటారు, మా అత్తమ్మ ఉరిమి చూస్తుంటుంది. నేను బతిమాలాను, కసిరాను, ముఖం మీద చప్పట్లు కొట్టాను. కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి గానీ రెప్ప మాత్రం కదలదు! యాప్ ఎర్రగీత చూపించి, ముఖంలో కదలిక లేదంది.

రెండున్నరకు ఇక విసుగొచ్చి ఆమె ఫోటో ఒకటి తీసి గ్రూపులో పెట్టాను. "ఈ యాప్‌కు మా అత్తమ్మ ముఖం పడటం లేదు, ఉపాయం చెప్పండి" అని కింద రాశాను. ఫోను ఛార్జింగుకు పెట్టి వంటింట్లోకి వెళ్లాను. ఫోటో వెళ్లింది. రాత వెళ్లలేదు, గడియారం గుర్తు దగ్గరే ఆగిపోయింది. తప్పు నాది కాదు, నెట్‌వర్క్‌ది. ఈ మాట ఎవరి ముందైనా అంటాను.

తెల్ల చీర, వెనక తెల్ల దుప్పటి, కదలని కళ్లు, కింద ఒక్క మాట లేదు. గ్రూపులో ముసలివాళ్ల ఫోటో అలా వస్తే ఏమనుకుంటారు? ఎవరో దండం బొమ్మ పెట్టారు. ఇంకొకరు అది చూసి రెండు పెట్టారు. పాస్టరు అయ్యగారు "తల్లి ప్రభువునందు నిద్రించారు" అని రాశారు. ఇంజినీరు సారు "చాలా బాధాకరమండీ, కార్యక్రమం ఎప్పుడు?" అని అడిగారు. ఛార్జీల వార్త ఫేకని పట్టే మనిషి దీన్ని పట్టలేకపోయారు.

మూడింటికి మొదటి షిఫ్టు పైకొచ్చింది. అందులో మా ఆయన ఉన్నాడు.

బండి వాకిట్లో అడ్డంగా పడేసి లోపలికి పరుగెత్తుకొచ్చాడు. స్నానం లేదు, ముఖమంతా బొగ్గు. గుమ్మంలో అత్తమ్మ చిక్కుడుకాయలు తుంచుతోంది. ఆయన ఆమెను చూసి మెట్టు మీద కూలబడ్డాడు.

"ఏందిరా, తానం చెయ్యకుండ వచ్చినవ్? ఎవలన్న సచ్చిండ్రా?" అంది అత్తమ్మ.

"నువ్వేనవ్వా" అని తల్లి చేయి పట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చేశాడు. అంతలో వెనకే నలుగురు, ఆ వెనక పూలదండతో ఇంకొకాయన వచ్చారు. సంగతి విన్నాక అందరూ నన్ను కోప్పడ్డారు. నేను నెట్‌వర్క్‌ను తిట్టాను. దండ తెచ్చినాయన దాన్ని వీపు వెనక దాచుకున్నాడు.

"దాస్తవెందుకు, ఇటు తే. మల్లెలే గద" అని అత్తమ్మ దాన్ని తీసుకుని పక్కన పెట్టుకుంది.

ఇక అందరి పట్టుదలా యాప్ మీదికి మళ్లింది. అత్తమ్మ మళ్లీ కుర్చీలో కూర్చుంది. నేను ఫోను పట్టుకున్నాను. "రెప్ప కొట్టవ్వా!" అని అందరూ ఒకటే అరుపులు. అత్తమ్మ గుడ్లురిమి చూస్తోంది.

అప్పుడు ఊరి పక్క ఓపెన్‌కాస్టు గని వైపు నుంచి సైరన్ మోగింది. మా వీధికి అది రోజూ అలవాటే. కాసేపటికి బ్లాస్టింగ్ దద్దరిల్లింది, గూట్లో గిన్నెలు గలగలమన్నాయి. అత్తమ్మ కళ్లు మూసుకుంది. పెదాలు కదిలాయి. కళ్లు తెరిచింది.

ఫోన్లో పచ్చగుర్తు పడింది. ఇల్లంతా ఈలలు, కేకలు.

"ఏమనుకున్నవ్ అత్తమ్మా?" అని అడిగాను.

"ఏమనుకుంట? పైకి తీస్కరా ప్రభువా అనుకున్న. మీ మామ కొలువు చేసినన్ని దినాలు గదే అనుకున్న. ఇప్పుడు వీని కోసం."

"ఈయన ఇక్కడే ఉన్నాడు కదా!"

"రెండో షిఫ్టోళ్లు కిందున్నరు గద పిల్లా" అని నన్ను తెలివితక్కువదాన్ని చూసినట్టు చూసింది.

తర్వాత ఫోను నోటి దగ్గర పెట్టించుకుని గ్రూపుకు మాట పంపింది. "నేను సావలే. ఫికర్ చెయ్యకుండ్రి. దండాలు పెట్టుడు బంద్ చేసి, బాయిల నుంచి పైకి రాంగనే వచ్చినమని ఒక్క మాట పెట్టుండ్రి."

అప్పటి నుంచి షిఫ్టు పైకి రాగానే మా గ్రూపులో ముందు "వచ్చినం అవ్వా" అని పడుతుంది, ఆ తర్వాతే బంగారం ధర, ఛార్జీల గొడవ. అత్తమ్మ నా పాత ఫోను ఒళ్లో పెట్టుకుని కూర్చుంటుంది. చదవడం రాదు గానీ, ఏ షిఫ్టులో మా లైన్ వాళ్లు ఎందరు దిగారో ఆమెకు నోటి లెక్క. ఫోను ఒక్కోసారి మోగినప్పుడల్లా ఒక్కో చిక్కుడుకాయ పక్కన పెడుతుంది.

మొన్న మా ఆయన నేరుగా ఇంటికొచ్చి కాళ్లు కడుక్కుని పీట మీద కూర్చున్నాడు.

"ఒకటి తక్కువున్నది. నీది పెట్టలే" అంది అత్తమ్మ.

"ఎదురుంగనే ఉన్న గదనే అవ్వా! ఆకలైతుంది."

"అయితేంది? పెట్టు."

ఆయన నా వైపు చూశాడు. నేను కలగజేసుకోలేదు. చేయి తుడుచుకుని ఫోను తీసి, "వచ్చిన అవ్వా" అని కొట్టాడు. ఆమె ఒళ్లో ఫోను మోగింది. చివరి చిక్కుడుకాయ పక్కన పెట్టి, అప్పుడు లేచి కొడుక్కి అన్నం వడ్డించింది.