కంకరంటే మెటల్

నన్ను మట్టిబుర్ర అన్నవాడికి నేను మట్టితోనే జవాబు చెప్పాను. ఇన్నేళ్ళయినా ఆ సంగతి తలుచుకుంటే నాకు కడుపు నిండినట్టే ఉంటుంది.

తొంభైల్లో దోహాలో మద్యం పోసే చోట్లంటే కొన్ని పెద్ద హోటళ్ళే. అలాంటి ఒక హోటల్ కాఫీషాపులో నేనూ అతనూ వెయిటర్లం. మాది కడప జిల్లాలో నాపరాళ్ళ గనుల పక్క పల్లె. అతనిది గోదావరి కాలువ కింద ఊరు. ఇద్దరం పదో తరగతి దగ్గరే ఆగినవాళ్ళం. "మీ సీమలో తినేది అన్నమా, రాళ్ళా?" అని రోజుకోసారి అనకపోతే అతనికి తోచేది కాదు.

ఆ ఏడు హోటల్లో ఫ్రెంచి రెస్టారెంట్ తెరిచారు. వైన్ పోసి, ఆ వైన్ కథ చెప్పే పనికి మాలో ఒకరిని తీసుకుంటామన్నాడు లెబనాన్ మేనేజరు. నల్ల ఏప్రను, సొంత కార్కు తీసే పనిముట్టు ఇస్తారు. ఆ పని నాకు కావాలి. జీతం కోసం కాదు. చదివినదాన్ని నోరారా చెప్పుకునే ఉద్యోగం నాలాంటివాడికి ఈ జన్మలో అదొక్కటే దొరుకుతుందనిపించింది.

మిగతావాళ్ళు సెలవు రోజున ఇండస్ట్రియల్ ఏరియాలో ఊరివాళ్ళను చూడటానికి వెళ్తే, నేను లైబ్రరీకి వెళ్ళేవాణ్ణి. అక్కడ వైన్ మీద పుస్తకం ఉండే మాటే లేదు. నేను పట్టుకున్నది యూరప్ రాళ్ళ మీద రాసిన ఒక లావుపాటి పుస్తకం, పక్కన డిక్షనరీ. హోటల్ స్టోర్‌లో సీసాల మీద ఊళ్ళ పేర్లు కంఠతా పట్టి వెళ్ళి, మ్యాపులో ఆ ఊరిని వెతికి, దాని కింద ఏ రాయి ఉందో చూసేవాణ్ణి. ఒక్క చుక్క తాగకుండా ఫ్రెంచి వైన్‌ను తీగ వేర్ల వైపు నుంచి నేర్చుకున్నాను.

షాంపేన్ ప్రాంతం కింద ఉన్నది తెల్లటి సుద్ద. నీటిని స్పాంజిలా పట్టుకుని తీగకు అవసరమైనప్పుడు కొంచెం కొంచెంగా ఇస్తుంది. బోర్డోలో మంచి తోటలు ఏరు తెచ్చి పోసిన గులకరాళ్ళ మీద ఉన్నాయి. అవి నీళ్ళు నిలవనివ్వవు, పగటి వేడిని దాచిపెట్టి చీకటి పడ్డాక గుత్తులకు ఇస్తాయి. బర్గండీలో సున్నపురాయి, బంకమట్టి కలిసిన వాలు నేల. ఒకే వాలు మీద పై మడి వైన్ రుచి వేరు, కింది మడి రుచి వేరు. షాబ్లీ అనే ఊళ్ళోనయితే రాతి నిండా చిన్న చిన్న ఆల్చిప్పలట. అది చదివిన కొన్నాళ్ళకు కతార్ ఉత్తరపు కొసన ఉన్న మదీనత్ అల్ షమాల్ వైపు వెళ్ళినప్పుడు ఒడ్డున ఏరిన రాతిలో గవ్వ అచ్చు కనబడింది. కతార్ కింద ఉన్నదీ సున్నపురాయే, మా నాపరాయీ సున్నపురాయే. ఒక చోట వైన్ వచ్చింది, ఒక చోట గ్యాస్ వచ్చింది, మా చోట ఇంటి గచ్చు వచ్చింది.

అన్నిటికంటే నాకు నచ్చిన సంగతి ఇంకొకటి ఉంది. బలమైన ఒండ్రునేలలో తీగ ఆకులు వేసుకుని కొవ్వెక్కుతుంది, పండు నీళ్ళనీళ్ళగా ఉంటుంది. రాతినేలలో వేరు తిండి వెతుక్కుంటూ లోతుకు పోతుంది, కాసిన కొన్ని పళ్ళలోనే చిక్కటి రుచి పెడుతుంది. అది చదివి లైబ్రరీలో ఒక్కణ్ణే నవ్వుకున్నాను.

"గురూ, ఆ బర్గండీ సంగతి ఇంకోసారి చెప్పవా? నువ్వు చెప్తుంటే హరికథ విన్నట్టుందండీ బాబూ," అనేవాడు అతను గదిలో. నేను పొంగిపోయి చెప్పాను. ఇంగ్లీషు మాటలతో సహా చెప్పాను. వారం తిరక్కుండా నల్ల ఏప్రను అతని నడుముకు ఎక్కింది.

ఏం జరిగిందో మా గదిలోనే ఉండే నిజామాబాద్ సాయిబు చెప్పాడు. లాండ్రీలో పని చేసే సాయిబు టేబుల్ గుడ్డలు ఇవ్వడానికి వెళ్ళి అన్నీ విన్నాడు. "నువ్ చెప్పిందంత ఆడు మేనేజర్‌కు ఒప్పజెప్పిండు భై. యాడ నేర్చినవని అడిగితే ఓన్ రీడింగ్ సార్ అన్నడు. నీ గురించి అడిగితే, హిజ్ హెడ్ ఈజ్ మడ్ సార్, అన్నడు."

మట్టిబుర్రను అలాగే ఇంగ్లీషులోకి దింపాడన్నమాట. మనసులో తెలుగు మాట ఎలా ఉంటే అలా ఇంగ్లీషులో పెట్టేస్తాడని నాకు అప్పుడే అర్థమైంది. ఆ సంగతి దాచుకున్నాను.

కొన్నాళ్ళకు గ్యాస్ ప్లాంటు పనులకు వచ్చిన ఫ్రెంచి ఇంజనీర్లు విందుకు టేబుల్ చెప్పారు. అతను సిగ్గులేకుండా మళ్ళీ నా మంచం మీద వచ్చి కూర్చున్నాడు.

"గురూ, షాంపేనూ బోర్డో మిగిలిపోయాయి. చెప్పెయ్యి."

చెప్పాను. ఈసారి మొత్తం తెలుగులో చెప్పాను.

"సుద్దని ఇంగ్లీషులో ఏమంటారండీ?"

"చాక్‌పీసు. నువ్వు బడికి పోల్యా?"

"మరి గులకరాళ్ళు?"

"కంకరప్పా. రోడ్డుకు పోస్తారే, కంట్రాక్టర్లు దాన్నేమంటారు?"

"మెటలు!"

"ఆ, అదే."

ఒక్క అబద్ధం చెప్పలేదు. మన దేశంలో ఏ మేస్త్రీని అడిగినా అదే చెప్తాడు. గులకరాళ్ళకు అసలు ఇంగ్లీషు మాట, గ్రావెల్, నా నాలుక చివరిదాకా వచ్చింది. అక్కడే ఆపాను.

విందు రోజు నా డ్యూటీ రొట్టెల బుట్ట పట్టుకుని తిరగడం. మేనేజరు యల్లా, యల్లా, కానివ్వండి కానివ్వండి అని అరబ్బీలో అందరినీ తరుముతున్నాడు. ఎప్పుడూ అంత సంతోషంగా రొట్టెలు పంచలేదు. అతను సీసా వంచి పట్టుకుని గొంతు సవరించుకున్నాడు. "సర్, షాంపేన్ ఈజ్ గ్రోయింగ్ ఇన్ చాక్‌పీస్." ఒకాయన నవ్వాపుకుంటూ గాలిలో బోర్డు మీద రాసినట్టు వేలు ఆడించాడు. తర్వాత బోర్డో వచ్చింది. "హియర్ రూట్స్ గోయింగ్ డీప్ ఇన్ మెటల్, సర్. ఫుల్ మెటల్."

"ఏ మెటల్?" అన్నాడు పెద్దాయన గ్లాసు కింద పెట్టి.

"ఫార్టీ ఎమ్మెమ్, సర్." మన రోడ్లకు పోసే కంకర సైజది.

మిగతావాళ్ళు తమ గ్లాసుల్లోకి తొంగి చూసుకున్నారు. వైన్‌లో ఇనుము గాని కలిసిందా అని ఆయన మేనేజర్‌ను పిలిచి అడిగాడు. మేనేజరు ముఖం ఎర్రబడింది. "ఎవరు నేర్పారు నీకిది?" అన్నాడు. అతను నా వైపు చూశాడు. నేను రొట్టెల బుట్ట ఇంకో చేతికి మార్చుకుని నిలబడ్డాను. అంతా సొంత చదువేనని మొదటే చెప్పుకున్నవాడు ఇప్పుడు నా పేరు ఏ నోటితో చెబుతాడు?

"ఓన్ రీడింగ్, సర్," అన్నాడు.

ఆ వారంలోనే ఏప్రను నాకు వచ్చింది. రొట్టెల బుట్ట అతనికి పోయింది. గదిలో అతను గోడవైపు తిరిగి పడుకుంటుంటే సాయిబుకు జాలేసింది.

"బదలా తీస్కున్నవ్ గద భై. ఇగ మాఫీ చెయ్యరాదు?"

"మాఫీ," అన్నాను నేను.

సాయిబుది ఉర్దూ మాఫీ, అంటే క్షమించడం. నాది ఇక్కడి అరబ్బీ మాఫీ, అంటే లేదు అని. అర్థమై సాయిబు తల కొట్టుకున్నాడు.

మొదటి రోజే బోర్డో అడిగే టేబుల్ తగిలింది. గ్రావెల్ అన్న మాటను నిదానంగా, వెనక బుట్ట పట్టుకున్నవాడికి కూడా వినపడేలా పలికాను. వంటగది తలుపు దాటగానే అతను నా మోచెయ్యి పట్టుకున్నాడు.

"గ్రావెలా? నీకు ముందే తెలుసు కదరా?"

"నాకేం తెలుస్తాదప్పా, తలకాయలో మట్టే కదా ఉండేది," అన్నాను. "చెయ్యి వదులు. రొట్టెలు చల్లారిపోతా ఉండాయి. యల్లా."