మలక్కా జలసంధిలో జర్మన్ నీడ

రిటైర్మెంట్‌కు ముందటి ఏడు, సముద్రం అడుగున కేబుల్ వేయడానికి దారి చూసే సర్వే నౌకకు నన్ను పార్టీ చీఫ్‌గా వేశారు. నౌకను నడిపేది కెప్టెన్. ఎక్కడ కొలవాలో, కొలిచినదాన్ని ఏమని రాయాలో చెప్పేది నేను. సింగపూర్ సైన్స్ పార్క్ ఆఫీసులో ప్లాన్ గీసుకుని, తువాస్ రేవులో పరికరాలెక్కించుకుని మలక్కా జలసంధిలోకి బయలుదేరాం.

సైడ్‌స్కాన్ సోనార్‌ను నౌక వెనక కేబుల్‌కు కట్టి లాగుతాం. అది పంపిన శబ్దం అడుగుకు తగిలి తిరిగొస్తే తెర మీద బొమ్మ పడుతుంది. ఎత్తయిన వస్తువుంటే దాని నీడా పడుతుంది. ఒక ఉదయం సన్నగా, పొడుగ్గా, మొనదేలిన నీడ వచ్చింది. డేటా చూసే కాకినాడ అమ్మాయి స్వర్ణ కుర్చీలోంచి లేచి నిలబడింది.

"అంకుల్, ఇది యూ-181 అండి. జర్మన్ సబ్‌మెరీన్."

దాని చరిత్ర ఆమెకు కంఠతా వచ్చు. అది ఆఫ్రికా చుట్టి వచ్చి హిందూ మహాసముద్రంలో ఎన్నో వర్తక నౌకలను ముంచింది. 1944లో పెనాంగ్ చేరింది. స్వదేశానికి బయలుదేరితే దారిలో యంత్రభాగాలు అరిగిపోయి వెనుదిరిగింది. సింగపూర్‌లో ఉండగా జర్మనీ లొంగిపోయింది. జపాన్ వాళ్లు తీసుకుని పేరు మార్చారు. వాళ్లూ ఓడాక, 1946లో బ్రిటిష్ వాళ్లు ఈ జలసంధిలోనే ముంచేశారు.

కేబుల్ కంపెనీ తరఫున నౌకలో ఉన్న మిస్టర్ టాన్‌కు ఈ కథ రుచించలేదు. యుద్ధనౌక అయితే పేలుడు సామగ్రి ఉండవచ్చు. అధికారులకు తెలపాలి, పని ఆపాలి, దారి మళ్లించాలి.

"ఓల్డ్ బార్జ్ లా. జస్ట్ రైట్ బార్జ్," అన్నాడు సింగపూర్ యాసలో, సరుకులు మోసే పాత బల్లపరుపు పడవ అని రాసేయమని.

"సబ్‌మెరీన్ అనే రాద్దామండి," అంది స్వర్ణ.

నేను ఏదీ రాయలేదు. నౌకను తిప్పి, ఈసారి అడ్డంగా, మరింత దగ్గరగా కొలవమన్నాను. ఈలోగా వార్త వంటగదికి చేరి, మలయ్ వంటాయన సంబరానికి అరటిపండు బజ్జీలు మొదలుపెట్టాడు.

రెండోసారి బొమ్మ స్పష్టంగా వచ్చింది. పొడవు జలాంతర్గామిలో సగం కూడా లేదు. నడుమ తెరిచిన పెట్టెలాంటి ఖాళీ. మొన అనుకున్నది ప్రవాహం పేర్చిన ఇసుక. అది పాత బార్జే.

స్వర్ణ కాసేపు మూతి ముడుచుకుంది. "పోనీలెండి, బజ్జీలైతే నిజమే కదా," అని ప్లేటు అందుకుంది. టాన్ అందరికంటే ఎక్కువ తిన్నాడు, తాను ముందే చెప్పానని గుర్తుచేస్తూ.

అతను చెప్పింది నిజమే. కాని కొలవకముందు అతని మాటా, స్వర్ణ మాటా మాకు సమానమే. సర్వేలో నిజమయ్యే ఊహకైనా, తప్పయ్యే ఊహకైనా నౌకను మరోసారి తిప్పాల్సిందే.